కాలక్షేపం – అభ్యుదయ దృక్పథం

"కాలక్షేపం" అనే మాటను మన అభ్యుదయ విమర్శకులు చాలాకాలంగా తిట్టుగా వాడుతున్నారు. ఒక నవలను గురించి "ఇది వట్టి కాలక్షేపం సరుకు" అని తీర్మానించిన తర్వాత ఇక చర్చించవలసిందేమీ వుండదు. రాసినవాడు అమ్ముడుపోయినవాడు, అచ్చువేసినవాడు లాభాపేక్షాపరుడు, చదివినవాడు బుద్ధిహీనుడు. తీర్పు పూర్తయింది. ఐతే ఆ చదివినవాడెవడు? పగలంతా ఏ పని చేసి వచ్చాడు? ఎన్ని గంటలు చేశాడు? చదువుకోడానికి అతనికి మిగిలిన సమయమెంత? ఆ కాస్త సమయంలో మన పుస్తకం వదిలి ఆ పుస్తకమే ఎందుకు పట్టుకున్నాడు? ఈ ప్రశ్నలు మనం వేసుకోము. సాహిత్యాన్ని వర్గదృక్పథంతో పరిశీలిస్తామని చెప్పుకునే మనం, పాఠకుని సంగతి వచ్చేసరికి వర్గాన్ని మరచి నీతిశాస్త్రం పట్టుకుంటున్నాము.

ఈ తప్పు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 1980 దశకంలో, నేను ఉద్యోగరీత్యా వున్న ఒక చిన్న పట్టణంలో ఆదివారం సాయంత్రాలు అధ్యయన తరగతి నడిపేవాళ్ళం. ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేసే కుర్రవాడొకడు క్రమం తప్పకుండా వచ్చి చివర కూర్చునేవాడు. ఒకనాడు అతని సంచీలోనుంచి అద్దె షాపులో తెచ్చుకున్న డిటెక్టివ్ నవల జారిపడింది. నేను దానిని పదిమందికీ చూపించి, "పెట్టుబడిదారుడు మన జీతాన్నే కాదు, మన రాత్రుళ్ళను కూడా ఇలా దొంగిలిస్తాడు" అని ఒక హాస్యమాడాను. అందరూ నవ్వారు. ఆ కుర్రవాడు నవ్వలేదు. తరగతి అయిపోయాక దగ్గరకు వచ్చి, "మాష్టారూ, మీరిచ్చిన పుస్తకం నాలుగుసార్లు మొదలుపెట్టాను. రోజంతా అక్షరాలు పేర్చి వచ్చినవాణ్ణి కదండీ, రెండో పేజీలోనే నిద్రొచ్చేస్తోంది. ఇదయితే నిద్రపోనివ్వదు. మీ పుస్తకాలు ఇలా ఎందుకు రాయరండీ?" అని అడిగాడు. నేను ఏదో పెద్దమాట చెప్పి పంపించాను. తరువాత ఆదివారం అతను రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

అతను వేసిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను. దానికోసం మనం తరచు ప్రమాణంగా చూపే వ్యక్తి జీవితం దగ్గరనుంచే మొదలుపెడదాము.

1

పంతొమ్మిదో శతాబ్దం నడిమికాలంలో ఇంగ్లండులో మధ్యతరగతి ఇళ్ళలో ఒక కాలక్షేపపు ఆట వుండేది. ఒక ఆల్బములో కొన్ని ప్రశ్నలుంటాయి: నీకిష్టమైన పువ్వేది, రంగేది, కవి యెవరు, వంటకమేది, నీవు అసహ్యించుకునేదేమిటి? ఇంటికి వచ్చినవాళ్ళందరూ వాటికి జవాబులు రాయాలి. దీనిని "కన్ఫెషన్స్" అనేవారు. 1865లో మార్క్స్ కూతుళ్ళు ఈ ఆట తండ్రిచేత కూడా ఆడించారు. అప్పటికి "కాపిటల్" మొదటి సంపుటం ముగింపు పనిలో, అప్పుల బాధలో, అంతర్జాతీయ శ్రామిక సంఘపు బరువు బాధ్యతల్లో మునిగివున్నవాడు మార్క్స్. ఆ పిల్లల ఆటను కాదనలేదు. కూర్చుని జవాబులు రాశాడు.

ఇష్టమైన వ్యాపకం పుస్తకాలలో దూరి తవ్వుకోవడం. కవులు షేక్స్పియర్, ఎస్కిలస్, గేటే. వచన రచయిత దిదెరో. వీరులు బానిసల తిరుగుబాటు నాయకుడు స్పార్టకస్, ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్. రంగు ఎరుపు. వంటకం చేప. ఈ జాబితాను మనవాళ్ళు పలుచోట్ల ఉదహరించారు. ఐతే అందులో ఒక జవాబును మనం సాధారణంగా దాటిపోతాము. నీకు బొత్తిగా గిట్టనిదెవరు అన్న ప్రశ్నకు మార్క్స్ మార్టిన్ టప్పర్ అనే పేరు రాశాడు.

ఎవరీ టప్పర్? 1838 నుండి సామెతల ధోరణిలో నీతిపద్యాలు ప్రకటించి, విక్టోరియా యుగపు ఇంగ్లండులో విపరీతంగా అమ్ముడుపోయిన కవి. అతని పుస్తకం మర్యాదస్థుల ప్రతి ఇంట్లోనూ అలంకారంగా వుండేది. అందులో హత్యలు లేవు, శృంగారం లేదు, పిల్లలు చెడిపోయేదేమీ లేదు. ఆద్యంతం సద్బోధే. "కాపిటల్"లో బెంథామును ఎగతాళి చెయ్యవలసివచ్చినప్పుడు కూడా మార్క్స్ ఈ టప్పరునే పోలికగా తీసుకున్నాడు.

ఇక మార్క్స్ ఏమి చదివి సేదదీరేవాడు? అల్లుడు పాల్ లఫార్గ్ రాసిన జ్ఞాపకాలలో ఈ విషయం విపులంగానే వుంది. పనితో అలసినప్పుడు మార్క్స్ సోఫామీద పడుకుని నవల చదివేవాడు. ఒక్కొక్కప్పుడు రెండు మూడు నవలలు ఒకేసారి మొదలుపెట్టి, ఇది కాసేపు, అది కాసేపు చదివేవాడు. ఫీల్డింగ్ రాసిన "టామ్ జోన్స్" అంటే ఇష్టం. వాల్టర్ స్కాట్ అంటే ఇష్టం. "మాంటి క్రిస్టో" కథకుడు పెద్ద డ్యూమా అంటే ఇష్టం. ఆ రోజుల్లో పండితులు పెదవి విరిచే పాల్ ద కాక్ అనే హాస్య నవలాకారుణ్ణి కూడా చదివేవాడు. సాహసాలూ, నవ్వుపుట్టించే ఘట్టాలూ వున్న కథలంటే అతనికి ప్రత్యేకమైన మోజు. అందరికన్నా పై మెట్టుమీద సెర్వాంటిస్‌నూ, బాల్జాక్‌నూ కూర్చోబెట్టాడు. అర్థశాస్త్రం పని పూర్తికాగానే బాల్జాక్ నవలలమీద విమర్శగ్రంథం రాయాలనుకున్నాడు. ఆ పని పూర్తికానూ లేదు, ఈ గ్రంథం రానూ లేదు.

నవలలే కాదు. భార్య జెన్నీ చివరి జబ్బుతో మంచంపట్టి వున్న రోజుల్లో మరే పనిమీదా మనసు నిలవక గణితంలో తలదాచుకున్నాడు. ఆమె 1881 డిసెంబరులో పోయింది. సోహోలో రెండు గదుల కొంపలో బతికిన రోజుల్లో చదరంగం పిచ్చి వుండేది. కాని ఆడడం అంత బాగా వచ్చేది కాదు. లీబ్‌నెక్ట్ చేతిలో ఓడిపోయి మండిపడ్డాడనీ, ఇకమీద సాయంత్రాలు ఆయనతో చదరంగం ఆడవద్దని ఇంట్లోవాళ్ళు లీబ్‌నెక్ట్‌కు కబురుపెట్టారనీ ఆ లీబ్‌నెక్ట్ స్వయంగా రాసుకున్నాడు. ఆదివారాలు ఆ కుటుంబమంతా తిండిబుట్ట పట్టుకుని హాంప్‌స్టెడ్ మైదానానికి నడిచిపోయేది. అక్కడ పత్రికలు చదవడం, గాడిదల మీద స్వారీ, పరుగుపందాలు, తిరుగుదారిలో పాటలు, షేక్స్పియర్ నాటకాలలోని ఘట్టాలు.

ఇదంతా ఏ కాలంలో? 1850 నుండి 1856 వరకు ఆ డీన్ వీధి కాపురంలో ముగ్గురు బిడ్డలు చనిపోయారు. ఆకలి, జబ్బులు, తాకట్లు. ఆ ఆదివారాలు సుఖపడుతున్న వాళ్ళ వినోదాలు కావు. సోమవారం మళ్ళీ పోరాటానికి లేవడానికి మనుషులు కూడదీసుకున్న బలం. వినోదం పోరాటానికి శత్రువని అనుకునే మిత్రులు ఈ ఆదివారాలను గుర్తుంచుకోవాలి.

మార్క్స్ చిన్నకూతురు ఎలియనార్ మరొక సంగతి చెప్పింది. నడకల్లో తండ్రి చెప్పే కథలలో హాన్స్ రోక్లే అనే మాంత్రికుని కథ నెలల తరబడి సాగింది. హాన్స్‌కు ఒక బొమ్మల దుకాణం వుంటుంది. అందులో అద్భుతమైన బొమ్మలు. కాని మాంత్రికుడికి ఎప్పుడూ చేతిలో డబ్బుండదు. అప్పులు తీర్చలేక తన ప్రియమైన బొమ్మలనే సైతానుకు అమ్ముకోవలసివస్తుంది. అవి లోకంలో నానా అవస్థలూ పడి, చివరకు తిరిగి దుకాణానికి చేరుకుంటాయి. సరుకును గురించి "కాపిటల్"లో రాసినవాడు ఇంట్లో పిల్లలకు చెప్పిన కథ ఇది. పిల్లలకు అర్థశాస్త్రపు పాఠం చెప్పలేదు. కథ చెప్పాడు. తయారుచేసినవాని చేతిలోనుంచి వస్తువు ఎలా జారిపోతుందో ఆ కథలో వుండనే వుంది.

కాబట్టి, మార్క్స్‌కు గిట్టనిది సాహసకథ కాదు, హాస్యకథ కాదు, సీరియల్ కాదు. పాఠకుణ్ణి అజ్ఞానిగా చూసి, పై మెట్టుమీద నిలబడి సుద్దులు చెప్పే పద్యం. ఈ మాట మనకు కొంచెం చురుక్కుమనిపించాలి. మన పత్రికల్లో ఎన్ని కథలు, ఎన్ని కవితలు టప్పర్ వంశంలో పుట్టినవో ఎవరికి వారు లెక్కచూసుకోవాలి. నీతి మారింది, రంగు మారింది. బోధించే గొంతు మాత్రం మారలేదు.

2

"కాలక్షేపం" అన్న మాటనే కాస్త పరిశీలిద్దాము. క్షేపమంటే విసరివేయడం. కాలాన్ని విసరివేయడం, వెళ్ళబుచ్చడం. దేవాలయ మంటపంలో హరికథా కాలక్షేపం, పెద్దింటి అరుగుమీద పురాణ కాలక్షేపం, చావిట్లో పేకాట కాలక్షేపం. కాలాన్ని ఖర్చుపెట్టలేక అవస్థపడే వర్గం పుట్టించిన మాట ఇది. కౌలు ధాన్యం ఇంటికి వచ్చిపడుతుంటే, తనకు రోజంతా మిగిలిపోతుంది. ఆ కాలం అతనికి బరువు.

పాలేరుకు కాలం బరువు కాదు. అది అతని దగ్గరనుంచి లాక్కోబడినది. కోడికూతనుంచి దీపాలు పెట్టేదాకా దొర పొలంలో వున్నవానికి విసరివేయడానికి కాలమెక్కడిది? అందుచేత శ్రామికుడు తీరిక సంపాదించుకోవడం కాలక్షేపం కాదు, కాలసంపాదన. మాట ఒకటే ఐనా రెండు వర్గాల అనుభవంలో దాని అర్థం తలకిందులవుతుంది.

మార్క్స్ ఈ విషయాన్ని ఆ "కన్ఫెషన్స్" రాసిన 1865లోనే, జూన్ నెలలో, అంతర్జాతీయ శ్రామిక సంఘం జనరల్ కౌన్సిలు ముందు చేసిన ప్రసంగంలో స్పష్టంగా చెప్పాడు. మనిషి ఎదగడానికి చోటు కాలంలోనే వుందనీ, తిండీ నిద్రా పోగా మిగిలిన కాలమంతా యజమాని పనికే పోయేవాడు బరువులు మోసే పశువుకన్నా హీనమవుతాడనీ ఆ వాదన సారాంశం. అంతకుముందు 1864లో, ఇంగ్లండులో బట్టల మిల్లుల స్త్రీలకూ పిల్లలకూ పనిదినాన్ని తగ్గించిన 1847 నాటి పదిగంటల చట్టాన్ని అతను కార్మికవర్గ అర్థశాస్త్రం సాధించిన విజయంగా వర్ణించాడు. "కాపిటల్"లో పనిదినం గురించిన అధ్యాయం అతి దీర్ఘమైన అధ్యాయాలలో ఒకటి. లఫార్గ్ ఐతే 1880లో సోమరితనపు హక్కు అనే పేరుతోనే ఒక వ్యాసం రాసి, యంత్రాలున్న యుగంలో రోజుకు 3 గంటలు పనిచేస్తే చాలునని వాదించాడు.

1886 మే 1న అమెరికా కార్మికులు సమ్మెకు దిగింది కూలి పెంచమని కాదు. 8 గంటలు పని, 8 గంటలు విశ్రాంతి, మిగిలిన 8 గంటలు మా ఇష్టం అన్నారు. ఆ మూడో భాగం ఏమిటి? యూనియన్ సమావేశం కావచ్చు, చేపలవేట కావచ్చు, బిడ్డను ఎత్తుకు తిరగడం కావచ్చు, చవకబారు నవల కావచ్చు. దానిని ఎలా వాడుకుంటారో ముందుగా చెబితేనే ఇస్తామని యజమానులు అనడానికి వీల్లేదు. విమర్శకులు అనడానికి అంతకన్నా వీల్లేదు.

3

ఇలా అన్నంత మాత్రాన ప్రజలు చదివేదంతా మంచిదేనని ఒప్పుకోవాలా? కొందరు మిత్రులు ఈ రెండో కొసకు కూడా వెళ్ళారు. లక్షప్రతులు అమ్ముడయితే ప్రజాసాహిత్యమే, జనం ఈలలు వేస్తే ప్రజాకళే అనే వాదం వుంది. ఇది పైకి ప్రజాభిమానంలా కనిపిస్తుంది. లోపల వున్నది మార్కెట్టు తీర్పును ప్రజల తీర్పుగా చలామణి చెయ్యడం. అమ్మేవాడు ముందర పెట్టినదాంట్లోనుంచే కదా కొనేవాడు ఎంచుకోవలసింది!

ఈ రెండు పొరపాట్లకూ దూరంగా ఎలా విమర్శ చెయ్యాలో మార్క్స్ 1845లోనే చేసి చూపించాడు. ఫ్రాన్సులో యూజేన్ సూ అనే రచయిత 1842, 1843 సంవత్సరాలలో ఒక దినపత్రికలో "పారిస్ రహస్యాలు" అనే నవలను సీరియల్‌గా నడిపాడు. పారిస్ మురికివాడలు, దొంగలు, వేశ్యలు, మారువేషంలో తిరుగుతూ దుష్టులను శిక్షించి శిష్టులను ఉద్ధరించే రోడాల్ఫ్ అనే రాకుమారుడు. చదువు వచ్చినవాళ్ళు చదివారు, రానివాళ్ళు చదివించుకుని విన్నారు. ఆ నవలను ఒక జర్మన్ తాత్వికుడు ఆకాశానికెత్తితే, దానికి జవాబుగా మార్క్స్ "పవిత్ర కుటుంబం" గ్రంథంలో చాలా పేజీలు కేటాయించాడు.

ముఖ్యంగా గమనించవలసినదేమంటే, ఇది సీరియల్ కాబట్టి చర్చకు తగదని మార్క్స్ అనలేదు. ఒక్కొక్క పాత్రను పట్టుకుని చూశాడు. ఫ్లోర్ ద మారీ అనే అమ్మాయి మొదట్లో, బురదలో బతుకుతూ కూడా, ప్రాణంతో, నవ్వుతో, ఎండనూ పువ్వులనూ ప్రేమించే మనిషిగా వుంటుంది. రోడాల్ఫ్ ఆమెను ఉద్ధరించి మతాచార్యునికి అప్పగిస్తాడు. తాను పాపినని ఆమెచేత నమ్మిస్తారు. పశ్చాత్తాపం నేర్పుతారు. చివరకు సన్యాసినుల మఠంలో చేరి చనిపోతుంది. హంతకుడైన షూరినేర్‌ను యజమాని కాళ్ళదగ్గర కాపలాకుక్కలా మారుస్తారు. బీదల మీద కన్నీరు కార్చే ఈ నవల, బీదలలో వున్న ప్రాణశక్తిని మాత్రం చంపివేస్తుంది; ఉద్ధరణ పై తరగతివాని దయగా మిగిలిపోతుంది. రచయిత తాను మొదట చూసిన మనిషినే చివరకు తన సంస్కర్త భావాలకు బలిపెట్టాడని మార్క్స్ చూపించాడు. బాల్జాక్ రాజరికవాది ఐనా తాను చూసిన సమాజాన్ని దాచలేదు. సూ సోషలిస్టునన్నా దాచాడు. 1888లో ఎంగెల్స్ ఒక రచయిత్రికి రాసిన లేఖలో బాల్జాక్‌ను మెచ్చుకున్నది ఈ కారణంగానే.

గ్రాంసీ ఈ దారిలో మరొక అడుగు ముందుకు వేశాడు. 1926లో అరెస్టయి, 1929 నుండి జైలులో రాసుకున్న నోటుపుస్తకాలలో ఆయన సీరియల్ నవలలను గురించి ఎన్నో పేజీలు రాశాడు. ఇటలీ పత్రికలు తమ పాఠకులకోసం పాత ఫ్రెంచి సీరియళ్ళను ఎందుకు తిరిగి వేసుకుంటున్నాయి? తమ దేశంలో రచయితలు లేకనా? వున్నారు. వాళ్ళకూ ప్రజలకూ మధ్య బతుకులో సంబంధం లేదు. ప్రజల మనసులోని కోరికలను తమవిగా చేసుకుని రాసేవాళ్ళు లేనప్పుడు, ప్రజలు తమకు కావలసింది బయటనుంచి తెచ్చుకుంటారు. గ్రాంసీ తప్పును పాఠకునిమీద వెయ్యలేదు, రచయితమీద వేశాడు. నా కంపోజిటర్ కుర్రవాడు అడిగిన ప్రశ్న ఇదే. గ్రాంసీని చదివిన నేను దానిని గుర్తుపట్టలేకపోయాను.

4

ఇక మన దగ్గరకు వద్దాము. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన ఆంధ్ర అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. ఆ ఏడే ప్రజానాట్యమండలి ఉద్యమం మొదలయింది. మండలి వాళ్ళు చేసిన మొదటి తెలివైన పని, జనం అప్పటికే ఇష్టపడుతున్నదానిని ఎగతాళి చెయ్యకపోవడం. జంగంకథను తీసుకుని బుర్రకథను తీర్చారు. మధ్యలో తంబురతో కథకుడు, ఒకవైపు రాజకీయం చెప్పే వంత, రెండోవైపు హాస్యం చెప్పే వంత. ఈ అమరికలోనే ఒక సాహిత్య సిద్ధాంతం వుంది. రాజకీయానికి ఎంత చోటుందో నవ్వుకూ అంత చోటుంది. హాస్యగాడు తీసివేయదగిన అలంకారం కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గొంతు విప్పితే వేలమంది రాత్రంతా కదలకుండా కూర్చున్నారంటే, వాళ్ళను ఉపన్యాసం కూర్చోబెట్టలేదు. కథ కూర్చోబెట్టింది. సుంకర, వాసిరెడ్డి కలిసి 1947లో రాసిన "మా భూమి" నాటకాన్ని ప్రభుత్వం నిషేధించింది. వినోదం ఎప్పుడు ప్రమాదకరమవుతుందో పాలకులకు తెలిసినంతగా మన విమర్శకులకు తెలియలేదు.

రెండో ఉదాహరణ "చందమామ". 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ఈ పత్రికను 1952 నుండి 1980లో చనిపోయేవరకు తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు. మధ్యతరగతి బతుకును నిర్దాక్షిణ్యంగా విప్పిచూపిన కథకుడు, మార్క్సిస్టు, 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో సభ్యుడు. ఆయన రాజులు, రాకుమార్తెలు, బేతాళుడు, దయ్యాలు నిండిన పిల్లల పత్రికకు దాదాపు మూడు దశాబ్దాలు చాకిరీ చెయ్యడం వైరుధ్యమని కొందరు, కడుపుకోసమని కొందరు సమాధానపడతారు. పత్రికను విప్పి చూస్తే ఈ రెండూ చాలవు.

"చందమామ" కథలో ఫ్యూడల్ ప్రపంచం వున్నమాట నిజం. మంచి రాజు వస్తే కష్టాలు తీరతాయి. తెలివైన బీదవాడికి అర్ధరాజ్యమూ రాకుమార్తే దొరుకుతాయి; మిగిలిన బీదవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే. వ్యక్తి గట్టెక్కుతాడు, వ్యవస్థ అలాగే వుంటుంది. ఈ పరిమితిని దాచనవసరం లేదు. ఐతే అదే కథలో దయ్యం భయపెట్టేది కాదు, నవ్వించేది. మంత్రం కన్నా యుక్తి గెలుస్తుంది. షావుకారు పిసినారితనం అతన్నే ముంచుతుంది. బేతాళుడు ప్రతినెలా కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. పిల్లవాడు పేజీ తిప్పేముందు తన జవాబు తాను ఆలోచించుకోవాలి. వాక్యాలు పొట్టివి, మాటలు వాడుకలోవి, సమాసాల బరువు లేదు. తెలుగునాట ఎన్ని వేల ఇళ్ళలో మొదటి తరం చదువరులకు అక్షరం మీద ప్రేమ అక్కడ పుట్టిందో ఉపాధ్యాయులకు తెలుసు. ఆ ప్రేమ పుట్టనివాడికి ఏ సిద్ధాంత గ్రంథమూ తర్వాత ఎక్కదు.

మూడోది, నేను ఆనాడు అవమానించిన డిటెక్టివ్ నవల. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్‌ను తీసుకుందాము. హత్య జరుగుతుంది. హంతకుణ్ణి దేవుడు పట్టివ్వడు, జ్యోతిషం పట్టివ్వదు. ఒక వేలిముద్ర, ఒక అబద్ధపు సాక్ష్యం, కాలంలో పొసగని ఒక అరగంట పట్టిస్తాయి. ప్రతి ఫలితానికీ కారణముందని, ఆ కారణాన్ని మనిషి బుద్ధి కనిపెట్టగలదని చెప్పే కథ ఇది. కర్మసిద్ధాంతం పాలించే దేశంలో ఇది తక్కువ మాట కాదు. పెద్దమనిషి ముసుగులో వున్నవాణ్ణి అనుమానించడం కూడా పాఠకుడు ఇక్కడ నేర్చుకుంటాడు.

దాని హద్దు ఎక్కడుంది? డిటెక్టివ్ కథ ఒక్క నేరం గురించే అడుగుతుంది. ఇనప్పెట్టెలోని నగలు ఎవరు దొంగిలించారని అడుగుతుంది. ఆ నగలు ఇనప్పెట్టెలోకి ఎలా వచ్చాయని అడగదు. హంతకుడు దొరకగానే లోకం మళ్ళీ న్యాయంగా నడుస్తున్నట్టు పుస్తకం మూసుకుంటుంది. పోలీసు మనవాడే. నేరం వ్యక్తిది, సమాజానిది కాదు. ఆనాడు నేను చెయ్యవలసింది ఈ మాట ఆ కుర్రవాడితో మాట్లాడడం. "నీ నవలలో హంతకుడెవరో కనిపెట్టావు. బాగుంది. ఇప్పుడు ఆ ఇనప్పెట్టె సంగతి చూద్దామా?" అని వుంటే, అతను తన కళ్ళతోనే మన అధ్యయన తరగతిలోకి మళ్ళీ వచ్చేవాడు. "కాపిటల్" కూడా ఒక విధంగా దొంగను పట్టుకునే కథే. కార్మికుని కూలిలోనుంచి మాయమైన గంటలు ఎక్కడికి పోయాయో జాడతీసే కథ.

మన పెద్దలు ఈ ఆటలకు దూరంగా వున్నవాళ్ళు కారు. "త్వమేవాహం" రాసిన ఆరుద్ర డిటెక్టివ్ నవలలూ రాశాడు. "మహాప్రస్థానం" కవి శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కూర్చాడు, ప్రాసక్రీడలూ లిమరిక్కులూ రాశాడు. మాటలతో ఆడుకోవడం చేతకానివాడు మాటలకు పదును పెట్టలేడు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, నిజాం పాలనలో పుస్తకాలు మోసుకుంటూ ఊళ్ళు తిరిగాడు. అంతకుముందే 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పుట్టింది. పుస్తకాన్ని మనిషి ఇంటి గుమ్మందాకా తీసుకుపోయిన ఈ ఉద్యమాలు, చదవనివానిని తిట్టడంతో మొదలుకాలేదు.

5

ఇప్పటి పరిస్థితి ఏమిటి? ఆ అద్దె పుస్తకాల షాపులు దాదాపు కనుమరుగయినాయి. "చందమామ" అచ్చు ఆగిపోయి పదేళ్ళు దాటింది. తీరిక అంతా సెల్‌ఫోన్ తెరమీదికి చేరింది. "ఈ తరం చదవదు, వేలితో తెరను తోస్తూ కూర్చుంటుంది" అని మన ఉపాధ్యాయ మిత్రులు వాపోతున్నారు. ఇది నా పాత హాస్యపు కొత్త అచ్చు మాత్రమే.

ఇందులో ఒక మౌలికమైన మార్పును గుర్తించాలి. అద్దె నవల ప్రచురణకర్తకు లాభం తెచ్చినమాట నిజమే కాని, చివరి పేజీ రాగానే పాఠకుణ్ణి వదిలిపెట్టేది. నిమిషంలోపు ముగిసే వీడియోలకు చివరి పేజీ లేదు. అక్కడ అమ్ముడవుతున్న సరుకు కథ కాదు, చూస్తున్నవాని చూపు. అతని దృష్టిని ఎన్ని క్షణాలు పట్టివుంచితే అన్ని ప్రకటనలు అమ్ముకోవచ్చు. పూర్వం పెట్టుబడి పనిగంటలనుంచి అదనపు విలువ పిండుకుని, సాయంత్రం మనిషిని ఇంటికి పంపేది. ఇప్పుడు ఇంటికి పోయినవాని తీరికను కూడా ముడిసరుకుగా చేసుకుంది.

అదే సమయంలో పనిగంటల మీద దాడి కూడా సాగుతోంది. పరిశ్రమలలో రోజుకు 8 గంటల పనిని నిర్ణయించిన 1919 నాటి అంతర్జాతీయ కార్మిక ఒడంబడికను భారతదేశం 1921లోనే అంగీకరించింది. 1948 ఫాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటల హద్దు పెట్టింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ హద్దును 9 నుండి 10 గంటలకు పెంచే సవరణలకు ఆమోదం తెలిపింది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో, వారానికి 48 గంటల హద్దుతో, రోజుకు 10 గంటల పనికి అనుమతినిచ్చింది. సరుకులు ఇళ్ళకు చేర్చే కుర్రవాళ్ళకు ఈ హద్దులు కూడా ఆచరణలో లేవు. 12 గంటలు మోటారుసైకిలు మీద తిరిగినవాడు రాత్రి పదకొండింటికి గోర్కీని ఎందుకు చదవడం లేదని విచారించే విమర్శకుడు, ముందు ఆ 12 గంటల గురించి విచారించాలి. పఠనాసక్తి సమస్య సగం పనిదినపు సమస్యే.

మిగిలిన సగం మనది. దానికి మనం చెయ్యగలిగిన పనులున్నాయి. ప్రజలు చదివేదాన్ని, చూసేదాన్ని మన విమర్శ పత్రికలు గంభీరంగా పరిశీలించాలి. సూ నవలకు మార్క్స్ పెట్టినంత ఓపిక మనం ఒక సీరియల్‌కు, ఒక సినిమాకు, ఒక వీడియోల వరుసకు పెట్టాలి. అది ఏ ఆకలిని తీరుస్తోంది, ఎక్కడ మోసం చేస్తోంది అన్నవి రెండూ చెప్పాలి. ఉపాధ్యాయులు విద్యార్థిని "నీవేమి చదవాలి" అనేముందు "నీవేమి చదువుతున్నావు" అని అడగాలి, జవాబు విని నవ్వకూడదు. మన రచయితలు కథ చెప్పే విద్యను, ఉత్కంఠను, హాస్యాన్ని శత్రువు సొత్తుగా వదిలిపెట్టకూడదు. తరువాత ఏమవుతుందోనని పాఠకుణ్ణి మేలుకొలిపి వుంచడం తక్కువ కళ కాదు. బాల్జాక్‌కు తెలుసు, నాజర్‌కు తెలుసు. రాసింది బాగాలేకపోతే వస్తువు గొప్పదని సమాధానపడకుండా, నిద్రపట్టించే పుస్తకమని మనలో మనమే చెప్పుకోవాలి.

ఆ కంపోజిటర్ కుర్రవాడు ఇప్పుడెక్కడ వున్నాడో నాకు తెలియదు. సీసపు అక్షరాల పనే పోయింది కాబట్టి ఏ పని చేసి బతికాడో కూడా తెలియదు. అతను వదిలివెళ్ళిన ప్రశ్న మాత్రం మన సంఘం ముందు ఇంకా వుంది. అతను మనల్ని అడిగింది సుఖంగా నిద్రపుచ్చమని కాదు. అలసిపోయినవాణ్ణి మేలుకొని వుంచగల పుస్తకం ఇమ్మని అడిగాడు. అంతకన్నా గౌరవమైన కోరిక ఏ పాఠకుడు ఏ రచయితను కోరగలడు?